తలరాత, దొర, సంఘం: హుజూర్‌నగర్ ప్రాంత పోరాట కథనాల్లో కర్తృత్వ భావన

తెలుగు విమర్శలో ఒక అలవాటు స్థిరపడిపోయింది. నవలలోనో ఆత్మకథలోనో ఒక వ్యక్తి "నా తలరాత" అంటే విధివాది, "ఎదిరిస్తాను" అంటే చైతన్యవంతుడు. మొదటి మాట నుంచి రెండో మాటకు జరిగిన ప్రయాణమే కథలోని ప్రగతి. తెలంగాణ సాయుధ పోరాట సాహిత్యాన్ని పరిశీలించిన వ్యాసాల్లో అధికభాగం ఈ కొలతతోనే నడిచాయి. కొలత తేలికైనది. పాత్రలను రెండు వరుసల్లో నిలబెట్టడానికి పనికివస్తుంది. అయితే ఒక మనిషి తాను చేసే పనికి, తనకు దక్కే ఫలితానికి మధ్య ఉన్న సంబంధాన్ని ఎలా ఊహించుకుంటున్నాడన్న ప్రశ్నకు ఈ రెండు వరుసలు సరిపోతాయా అన్నది విచారించవలసిన విషయం. హుజూర్‌నగర్, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పోరాట అనుభవాన్ని, దానికి సన్నిహితమైన నవలలను దగ్గరగా చదివితే సరిపోవని తేలుతుంది.

ఈ ప్రశ్నను మనోవిజ్ఞానశాస్త్రం ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఒక పరిభాషగా మలచింది. అమెరికన్ మనోవిజ్ఞానవేత్త జూలియన్ రోటర్ 1954లో ప్రతిపాదించిన సామాజికాభ్యసన సిద్ధాంతంలో దీని బీజం ఉంది. 1966 నాటి రచనలో అది పూర్తి రూపం తీసుకుంది. ఫలితం తన ప్రవర్తన మీదే ఆధారపడి ఉందని నమ్మేవారిది అంతర్గత నియంత్రణ స్థానం. అదృష్టం మీదనో, విధి మీదనో, ఇతరుల శక్తి మీదనో ఆధారపడి ఉందని నమ్మేవారిది బాహ్య నియంత్రణ స్థానం. దీన్ని కొలవడానికి రోటర్ 29 అంశాల ప్రశ్నావళిని రూపొందించాడు. ప్రతి అంశంలోనూ రెండు వాక్యాలు ఉంటాయి. చదివేవారు ఏదో ఒకటి ఎంచుకోవాలి. తెలుగు విమర్శలోని విధివాది, చైతన్యవంతుడు అన్న జంటకు ఇది శాస్త్రీయ రూపంలా కనిపిస్తుంది. కాని రోటర్ స్వయంగా 1975లో తన భావనకు జరుగుతున్న దుర్వినియోగాన్ని ఎత్తిచూపాడు. అంతర్గతం మంచిది, బాహ్యం చెడ్డది అన్న విలువను తన మాటలకు తగిలించవద్దన్నాడు. విమర్శకులకు ఆ హెచ్చరిక ఇంకా అవసరమే.

అంతకన్నా ముఖ్యమైన సవరణలు రెండు వచ్చాయి. హానా లెవెన్సన్ 1970ల తొలినాళ్లలో 'బాహ్యం' అన్న ఒక్క గంపలో రెండు వేర్వేరు సంగతులు పడ్డాయని గుర్తించింది. లోకం అంతా యాదృచ్ఛికమని నమ్మడం ఒకటి; లోకానికి ఒక క్రమం ఉంది, కాని ఆ క్రమం బలవంతుల చేతిలో ఉందని నమ్మడం మరొకటి. మొదటిదాన్ని నమ్మేవాడు చేయగలిగింది తక్కువ. రెండోదాన్ని నమ్మేవాడికి కనీసం ఎవరివైపు చూడాలో తెలుసు. రెండో సవరణ 1969లో ప్యాట్రీషియా గురిన్, ఆమె సహపరిశోధకులు నల్లజాతి యువత మీద చేసిన అధ్యయనంలో వచ్చింది. తమ దుస్థితికి తమ లోపం కాక వ్యవస్థ కారణమని చెప్పిన యువకులు రోటర్ ప్రశ్నావళి ప్రకారం బాహ్యవాదులు కావలసి ఉంటుంది, అంటే నిష్క్రియులు. నిజానికి సామూహిక కార్యాచరణ వైపు మొగ్గింది వారే. నియంత్రణ తన చేతిలో లేదన్న ఎరుక నిస్సహాయతకు కాక తిరుగుబాటుకు దారితీయడం అక్కడ కనిపించింది.

భారతీయ చింతనలో ఈ ప్రశ్న కొత్తది కాదు. అందులో సమాధానాలు కూడా రెండే కావు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, ఐదవదిగా దైవం. తానొక్కడే కర్తనని చూసేవాడికి సరైన చూపు లేదని కూడా ఆ వెంటనే అంటుంది. మాడికి సింగన తెలుగులోకి తెచ్చిన వాసిష్ఠ రామాయణ సంప్రదాయం దీనికి భిన్నంగా పురుషకారానికే పెద్దపీట వేసింది. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ఈ చర్చకు రైతు లోకం నుంచి ఒక పోలిక దొరుకుతుంది. పురుషకారం పొలం, దైవం విత్తనం. రెండూ కూడితేనే పంట. పోలిక అందమైనది, కాని అది పొలమూ విత్తనమూ రెండూ తనవే అయిన రైతును ఊహించుకుని చెప్పిన పోలిక. హుజూర్‌నగర్ తాలూకాలో 1940ల నాటి కౌలుదారుకు పొలం దొరది. నాగువడ్డీకి తెచ్చుకున్న విత్తనమూ దొర గరిసెలోదే. అక్కడ ఆ పోలికను అన్వయిస్తే దైవం, పురుషకారం రెండూ ఒకే మనిషి ఇంట్లో తాళం కింద ఉంటాయి.

నాటి నల్లగొండ జిల్లాలో భూమి ఎలా పోగుపడిందో పుచ్చలపల్లి సుందరయ్య 'వీర తెలంగాణా విప్లవ పోరాటం - గుణపాఠాలు' గ్రంథం లెక్కలతో చెబుతుంది. సూర్యాపేట తాలూకా ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షా యాభై వేల ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో నలభై వేల ఎకరాలు ఉన్నాయని అందులో ఉంది. హుజూర్‌నగర్ తాలూకా బేతవోలు వంటి మక్తాల్లో కౌలుదారుల బేదఖళ్లు ప్రధాన సమస్య. ఈ ప్రాంతానికి మరో ప్రత్యేకత ఉంది. హుజూర్‌నగర్‌కు, కోదాడకు ఆనుకుని ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా తాను మాత్రం బ్రిటిష్ మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. ఒక ఊరి పొలిమేర దాటితే చట్టం మారేది, కోర్టు భాష మారేది, నాణెం మారేది. వెట్టి మాత్రం మారేది కాదు. తెలుగు శాఖల పరిశోధకులకు మునగాల మరో విధంగా సుపరిచితం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపించిన వారిలో మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆయన సంస్థానంలో దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు ప్రముఖులు. భాషా చరిత్రలో పూజ్యమైన ఆ పేరుతోనే 1930లలో మునగాల రైతులు జమీందారీ వ్యతిరేకోద్యమం నడిపారు. సాహిత్య చరిత్రకారులు మొదటి సంగతిని, పోరాట చరిత్రకారులు రెండో సంగతిని రాశారు. రెండింటినీ ఒకే పుటలో రాసినవారు తక్కువ.

వ్యవస్థ ఇట్లా ఉన్నప్పుడు "తలరాత" అన్న మాట దేనిని సూచిస్తుంది? దీనికి ముందు తెలుగు వాక్యం కర్తను ఎట్లా చూపిస్తుందో, ఎట్లా దాస్తుందో గమనించాలి. పండు - పండించు, కూలు - కూల్చు, తెగు - తెంచు, జరుగు - జరుపు వంటి జంటలు తెలుగు క్రియకు సహజమైనవి. ప్రేరణార్థకమైన 'ఇంచు' వ్యవహారం బాలవ్యాకరణ క్రియాపరిచ్ఛేదం నాటి నుంచి చర్చలో ఉన్నదే. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువుల మీద చేసిన పరిశోధన (1961) దీన్ని చారిత్రకంగా వివరించింది. వ్యాకరణ రూపం దగ్గర ఆగక వాడుకలోకి వెళ్తే ఒక విశేషం తేలుతుంది. కృష్ణ ఒడ్డున వరి పండించే రైతు "ఎకరానికి ఇన్ని బస్తాలు పండించాను" అనడం అరుదు. "ఇన్ని బస్తాలు పండినయి" అంటాడు. పంట పోయినప్పుడు "కాలం కాలేదు" అంటాడు. రెండు సందర్భాల్లోనూ 'నేను' కనపడదు. రోటర్ ప్రశ్నావళిని తెలుగులో పెట్టి ఈ రైతు ముందుంచితే బాహ్యవాదిగా లెక్క తేలుతుంది. అదే రైతు ఏ మడికి ఏ విత్తనం, నారు ఎన్నాళ్లకు పీకాలి, కాలువ నీళ్లు ఏ రాత్రి మళ్లించాలి అన్నవాటిలో ఎవరి మాటా వినడు. అతని వాక్యంలో 'నేను' లేకపోవడం అతని నమ్మకానికి కొలత కాదు. దిష్టికి వెరవడం, గొప్పలు చెప్పుకోకపోవడం అన్న మర్యాదకు గుర్తు. పాత్ర సంభాషణ నుంచి దాని మనస్తత్వాన్ని నేరుగా తీసే విమర్శ ఇక్కడే పొరబడుతుంది.

మొక్కు అన్న క్రియ దీన్ని ఇంకొంచెం స్పష్టం చేస్తుంది. హుజూర్‌నగర్ ప్రాంత రైతుకు మట్టపల్లి నరసింహస్వామి దగ్గరి దేవుడు. పంట బాగా పండితే తలనీలాలిస్తానని, బిడ్డ కోలుకుంటే కల్యాణం చేయిస్తానని మొక్కుకుంటాడు. ఆ వాక్యంలో 'అయితే' ఉంది. ఫలితం వచ్చాకే బాకీ. మొక్కు 'చెల్లించాలి' అంటారు, అప్పు చెల్లించినట్టే. దేవుడి ముందు రైతు శరతు పెట్టగలడు. దొర ముందు పలికే 'బాంచెన్, కాల్మొక్త'లోనూ అదే మొక్కు ఉంది. అందులో 'అయితే' లేదు. దేవుడి దగ్గర ఒప్పందంగా ఉన్న క్రియ గడీ గడప దగ్గరికి వచ్చేసరికి శరతు పోగొట్టుకున్నది. పోరాట పూర్వ తెలంగాణ గ్రామీణుణ్ణి దైవాధీనవాదిగా చిత్రించిన వ్యాసాలు ఈ తేడాను పట్టించుకోలేదు. దైవంతో అతని సంబంధంలో బేరం ఉంది. బేరం లేనిది దొరతోనే.

దాశరథి రంగాచార్య ఈ తేడాను పట్టుకున్నాడని 'చిల్లర దేవుళ్ళు' అన్న పేరే చెబుతుంది. పోరాటానికి ముందటి తెలంగాణ గ్రామం ఆ నవలకు రంగస్థలం. 'మోదుగుపూలు', 'జనపదం' దాని కొనసాగింపు. శిష్ట మతం గ్రామదేవతలను చులకన చేస్తూ వాడే మాట 'చిల్లర దేవుళ్ళు'. రంగాచార్య ఆ చులకనను తిప్పి దేశ్‌ముఖ్ మీద, కరణం మీద, వారి ఉద్యోగుల మీద పెట్టాడు. చిల్లరకు మరో అర్థమూ పనిచేస్తుంది. పెద్ద నోటు చిల్లరగా మారినట్లు నిజాం అధికారం ఊరూరా చిన్న చిన్న అధికారాలుగా విడిపోయి చేతులు మారుతుంది. లెవెన్సన్ 'శక్తిమంతులైన ఇతరులు' అని విడిగా గుర్తించిన స్థానానికి తెలుగులో ఇంతకన్నా కచ్చితమైన పేరు దొరకదు. అయితే ఆ పేరు పెట్టింది రచయిత. నవలలోని ఊరివాళ్లు తమ దొరను చిల్లర దేవుడని అనగలిగే స్థితిలో లేరు. ఊరిని చూసే ముఖ్యమైన చూపు కోస్తా నుంచి వచ్చిన సంగీతకారుడు సారంగపాణిది. బయటివాడు కాబట్టి అతనికి భయం భయంగానే కనిపిస్తుంది, దాని వెనకున్న లెక్క కనిపించదు. ఆడబాపల బతుకును, వెట్టిని చూసి అతను చలించినప్పుడు పాఠకుడూ చలిస్తాడు. ఊరివాళ్ల మౌనం మాత్రం ఆ చూపులో అంగీకారంలా మిగిలిపోతుంది. నవల బలం, పరిమితి ఒకచోటే ఉన్నాయి. బయటి చూపు లేకపోతే ఆ పేరు పుట్టేది కాదు. బయటి చూపు వల్లనే లోపలి మాట వినిపించలేదు.

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లో చూపు లోపలిది. నకిరేకల్ ప్రాంతంలో 1915లో పుట్టి, హోటలు పనివాడిగా, ప్రూఫులు దిద్దేవాడిగా బతికి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించి, జైళ్లు చూసిన రచయిత ఆయన. నవలా స్థలం నిజామాబాద్ జిల్లా దిమ్మెగూడెం అయినా అందులోని దొరతనం నల్లగొండ పాఠకుడికి పరాయిది కాదు. దొర రామభూపాలరావు మీద నిలబడిన కంఠీరవం ఆ ఊరివాడే. గ్రంథాలయోద్యమం, ఆంధ్రమహాసభల నేపథ్యంలో నడిచే ఈ నవలలో గమనించవలసింది కంఠీరవం ధైర్యం కాదు. ధీరోదాత్త నాయకుణ్ణి మెచ్చుకోవడం విమర్శకు పాత అలవాటు. అసలు సంగతి, ఊరివాళ్లు తమ కష్టానికి కారణం చెప్పే తీరు మారడం. కష్టానికి పేరుంది, ఇల్లుంది, లెక్కల పుస్తకం ఉంది అని తెలిసిన తర్వాతే అర్జీ పెట్టడం, సాక్ష్యం చెప్పడం, నిరాకరించడం సాధ్యమవుతాయి. అంటే చైతన్యం 'నా చేతిలో ఉంది' అన్న నమ్మకంతో మొదలుకాలేదు. 'నా చేతిలో లేదు, వాడి చేతిలో ఉంది' అన్న గుర్తింపుతో మొదలైంది. రోటర్ కొలబద్ద మీద ఈ రెండో వాక్యం బాహ్యం. చారిత్రకంగా అది మొదటి మెట్టు. తలరాతను చెరపలేం, దొర సంతకాన్ని చెరపవచ్చు.

రెండో మెట్టు 'సంఘం'. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదకొండో మహాసభ తర్వాత ఆంధ్రమహాసభ అణా సభ్యత్వంతో ఊళ్లలోకి చేరింది. జనం వాడుకలో అది 'సంఘం' అయింది. ఆ పేరుతో జనం నోట ఏర్పడిన వాక్యాలు గమనార్హం: సంఘం వచ్చింది, సంఘం చెప్పింది, సంఘం కట్టినం. మొదటి రెండింటిలో సంఘం కర్త; మూడోదానిలో కర్త 'మేము', సంఘం కర్మ. ఒకే మనిషి ఒకే సంభాషణలో ఈ మూడింటినీ వాడతాడు. నియంత్రణ 'నా'దా, 'ఇతరుల'దా అన్న ప్రశ్నకు ఈ వాక్యాలు లొంగవు. సంఘం తనకు వెలుపలిదీ, తనలోనిదీ కూడా. వ్యక్తిని కొలమానంగా తీసుకున్న ప్రశ్నావళికి ఈ స్థానం అందదు. విధివాదం, చైతన్యం అన్న జంటకూ అందదు.

ఈ దృష్టితో చూసినప్పుడు పోరాటం గురించి అందరూ వాడే ఒక మాట అనుమానాస్పదమవుతుంది. కాళ్లు మొక్కిన చేతులతో బందూకు పట్టించింది తెలంగాణ పోరాటం అన్నది సభల్లో, ముందుమాటల్లో, పరిశోధన గ్రంథాల్లో అరిగిపోయిన మాట. ఇందులోని క్రియ ప్రేరణార్థకం. పట్టించింది పోరాటం; పట్టినవి చేతులు. మనుషులు ఎక్కడా లేరు. విముక్తిని కీర్తించే వాక్యమే విముక్తులైనవాళ్లను కరణకారకానికి కుదించింది. దీన్ని వాడినవారి ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. వ్యాకరణం ఉద్దేశం కన్నా ముందే పని చేస్తుంది.

దీనికి ఎదురుగా నిలబడే గ్రంథం 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'. పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాల సంకలనం అది. మూడేళ్లకు ఆంగ్లంలో వచ్చినప్పుడు దాని పేరు 'మేము చరిత్రను నిర్మిస్తున్నాము' అన్న అర్థంలోకి, గతకాలంలో, మారింది. రెండు పేర్లకూ మధ్య దూరం చిన్నది కాదు. తెలుగు పేరులో ఉన్నది తెలియకపోవడం. ఆంగ్ల పేరులో ఉన్నది చేయడం. లోపలి కథనాలకు ఏది దగ్గర అన్న ప్రశ్నకు జవాబు ఒక్కో గొంతులో ఒక్కో రకంగా ఉంది. ఈ గొంతుల్లో హుజూర్‌నగర్ పరిసరాలకు అత్యంత సన్నిహితమైనది సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడేనికి చెందిన మల్లు స్వరాజ్యం గొంతు. భీమిరెడ్డి నరసింహారెడ్డి చెల్లెలు. 1978లో, 1983లో తుంగతుర్తి శాసనసభ్యురాలు. 2022 మార్చిలో మరణించింది. 2019లో వచ్చిన 'నా మాటే తుపాకీ తూటా' ఆమె జీవితకథనం.

చిన్ననాడే ఆంధ్రమహాసభ పిలుపు విని తమ ఇంటి ధాన్యాన్ని వెట్టివాళ్లకు పంచిన సంఘటన ఆమె జీవితంలో ప్రసిద్ధం. బంధువుల కోపానికి వెరవకుండా చేసిన పని అది. ఆమె స్వరంలో మొదటి నుంచీ 'నేను' గట్టిగా పలుకుతుంది. గోర్కీ 'అమ్మ' చదివిన ప్రభావం, అన్న సాంగత్యం, తల్లి అండ దానికి కారణాలుగా చెబుతారు. అవన్నీ నిజం. వాటితో పాటు మరొకటి కూడా చెప్పాలి. పంచడానికి ఆ ఇంట్లో ధాన్యం ఉంది. తాను చేస్తే జరుగుతుందన్న నమ్మకం పుట్టడానికి, చేస్తే జరిగిన అనుభవం కనీసం ఒక్కసారి కావాలి. భూస్వామి ఇంటి బిడ్డకు ఆ అనుభవం పుట్టుకతో దొరికింది. దాన్ని ఆమె తన వర్గానికి వ్యతిరేకంగా వాడింది. ఆమె గొప్పతనం ఆ వాడకంలో ఉంది, నమ్మకం ఉండటంలో కాదు. అదే ధాన్యాన్ని అందుకున్న వెట్టి మనిషికి నమ్మకం ఉండకపోవడం లోపమూ కాదు. అతని అనుభవం అతనికి నేర్పింది అదే, ఆ అనుభవం అబద్ధం కూడా కాదు. అంతర్గత నియంత్రణ భావనను సద్గుణంగా తీసుకునే చదువులో స్వరాజ్యం ఆదర్శమూర్తి అవుతుంది, వెట్టి మనిషి నేపథ్యం అవుతాడు. ఇద్దరి మధ్య ఉన్నది స్వభావ భేదం కాదు, గరిసె.

సంకలనంలోని కమలమ్మ కథనం మరో దిక్కుకు తీసుకుపోతుంది. అజ్ఞాతంలో ఉండగా బిడ్డను కన్నది. దళంలో ఉండాలంటే బిడ్డను వదలాలి, బిడ్డ కావాలంటే దళాన్ని వదలాలి. బిడ్డను పరాయివాళ్లకు అప్పగించింది. సాహసగాథగా, త్యాగంగా ఈ ఘట్టం చాలాసార్లు ఉదాహరణకు ఎక్కింది. త్యాగం అన్న మాటలో కర్త స్వేచ్ఛగా ఎంచుకున్నాడన్న అర్థం ఇమిడి ఉంది. ఇక్కడ ఎంపిక ఉన్నదా అంటే ఉంది, రెండు దారులు ఉన్నాయి, తేల్చుకున్నది ఆమె. ఆ రెండే దారులు ఉండాలని నిర్ణయించింది మాత్రం ఆమె కాదు. ఎంచుకోవడం ఒకరి చేతిలో, ఎంచుకోవలసినవాటిని నిర్ణయించడం మరొకరి చేతిలో ఉన్న ఈ స్థితికి అంతర్గతం, బాహ్యం అన్న మాటలు రెండూ వర్తిస్తాయి, కాబట్టి రెండూ వర్తించవు. గీతలోని ఐదు కారణాల పట్టిక దీనికి కొంత దగ్గరకు వస్తుంది. కర్త ఉంది, చేష్ట ఉంది. అధిష్ఠానం మాత్రం ఆమెది కాదు. విమర్శ ఇక్కడ దుఃఖాన్ని దుఃఖంగా వినవలసి ఉంది. కమలమ్మ తన నిర్ణయాన్ని సమర్థించుకోవడానికి కానీ ఖండించడానికి కానీ ఆ మాటలు చెప్పలేదు. ఎవరి నిర్ణయమన్న ప్రశ్న ఆమెలోనే ఇంకా తెగలేదు.

1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది మరణం అని సుందరయ్య గ్రంథం లెక్క చెబుతుంది. సంకలనంలోని స్త్రీలకు ఆ రోజు తర్వాతి జీవితం లెక్కలోకి రానిది. ఆయుధం అప్పగించాక ఇళ్లకు వెళ్లమన్న మాట, పెళ్లి, వంటిల్లు, కొందరికి ఊళ్లో నిందలు. పోరాట కాలపు ఘట్టాలు చెప్పేటప్పుడు 'మేము' కర్తగా నడిచిన కథనం విరమణ దగ్గరికి వచ్చేసరికి పార్టీ కర్తగా, తాము వినేవారుగా మారిపోవడం పలుచోట్ల కనిపిస్తుంది. సంఘం లోపలిదీ వెలుపలిదీ కూడా అని పైన అనుకున్నది. విరమణ నాడు దాని లోపలి సగం ఊడిపోయి వెలుపలి సగం మిగిలింది. ఈ మార్పును నాయకుల ఆత్మకథల్లో వెతికితే దొరకదు. విరమణ నిర్ణయం సరైనదా కాదా అన్న వాదం అక్కడ పుటల కొద్దీ ఉంది. నిర్ణయంలో భాగస్వాములం కాలేదన్న బాధ వాదానికి సంబంధించినది కాదు. నిర్ణయం సరైనదైనా ఆ బాధ ఉంటుంది. పరిశోధకులు రెండింటినీ కలిపి చదివి, స్త్రీల కథనాలను విరమణ మీద రాజకీయ విమర్శగా మాత్రమే లెక్కించారు.

పోరాటం తర్వాతి హుజూర్‌నగర్‌ను కాలువ మార్చింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన, 1967 ఆగస్టులో కాలువలకు నీటి విడుదల. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నేలలు వరి మాగాణులయ్యాయి. కౌలుదారుల బిడ్డల్లో కొందరు పట్టాదారులయ్యారు. వారి మాటల్లో గడీ లేదు, దొర లేడు, తలరాత కూడా మునుపటంత లేదు. "నీళ్లు వదిలారు", "ఈసారి వదలరంట", "వారబందీ పెట్టారు" అన్న వాక్యాలున్నాయి. బహువచన క్రియ, కర్త శూన్యం. ఎవరు వదిలారు అని అడిగితే ఇంజనీర్లనో, సర్కారనో, పై రాష్ట్రం వాళ్లనో జవాబు వస్తుంది, చాలాసార్లు అసలు రాదు. కాలువ చివరి భూముల రైతు నోట ఈ కర్త లేని వాక్యం తరచుగా వినపడుతుంది. తూముకు దగ్గరి రైతుకు అంత అవసరం పడదు. దొరకు పేరుండేది, ఇల్లుండేది. ఆ పేరును పట్టుకునే సంఘం పుట్టింది. 'వదిలారు'లోని 'వారు'కు ఇంకా పేరు రాలేదు. సాగర్ ఆయకట్టు నేపథ్యంలో వచ్చిన కథలను, నవలలను ఈ శూన్య కర్తను ఎట్లా పూరించాయన్న దృష్టితో చదివే పని తెలుగు పరిశోధనలో ఇంకా జరగవలసి ఉంది. 1946 నాటి ఊరి మనిషి తలరాత నుంచి దొర వరకు రావడానికి ఒక నవలకు సరిపడా కాలం పట్టిందని గుర్తుంచుకుంటే, 'వారు' దగ్గర ఆగి ఉన్న మనిషిని విధివాది అని కొట్టేయడానికి విమర్శ తొందరపడదు.